కారణం గడిలో నేనే రాసేశాను: ఆడవాళ్ళ సెలవు, మగవాళ్ళ సెలవు మనకి ఒకేలా కనిపిస్తున్నాయా?

హాజరుపట్టీ | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా సెక్షన్‌లో అటెండెన్స్ చూసే పని తొమ్మిదేళ్ళుగా నాదే. ఎవరైనా రాకపోతే కనుక్కుని, పట్టీలో 'కారణం' అన్న గడిలో రెండు ముక్కలు రాస్తాను. పోయిన వారం ఏడాది లెక్కల కోసం పాత పేజీలు తిరగేస్తుంటే ఒక విషయం కళ్ళబడింది. అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు.

ఆడవాళ్ళ పేర్ల ఎదురుగా చాలాచోట్ల 'ఇంటి పని', 'పిల్లలు' అని ఉంది. మగవాళ్ళ పేర్ల ఎదురుగా 'ఒంట్లో బాగోలేదు', 'అర్జెంట్ పని' అని ఉంది. రాసింది నేనే. ఫోన్‌లో 'ఈరోజు రాలేనండీ' అని మాత్రమే చెప్పి పెట్టేసినవాళ్ళకి కూడా కారణం నేనే ఊహించి రాసేశాను. నేనూ ఆడదాన్నే, ఇద్దరు పిల్లల తల్లిని. అయినా నా చెయ్యి అలాగే రాసింది.

అనుమానం వచ్చి ఇద్దరిని పిలిచి అడిగాను. 'పిల్లలు' అని రాసిన రోజు ఆవిడ నడుం పట్టేసి మంచం దిగలేకపోయిందట. 'ఒంట్లో బాగోలేదు' అని రాసిన రోజు అతను వాళ్ళమ్మని డాక్టరుకి చూపించడానికి వెళ్ళాడట.

అందుకే అడుగుతున్నాను. ఉద్యోగానికి రాకపోవడం గురించి మగవాళ్ళు ఒకలా, ఆడవాళ్ళు ఒకలా అనుకుంటారా? మీ చోట ఎలా ఉంది? ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. ఆ గడిని ఏం చేయాలో వచ్చే నెల పైవాళ్ళతో మాట్లాడాలి.

పాతకాపు | సోమవారం, రాత్రి 9:50

ముప్పై ఏళ్ళు షిఫ్టుల్లో పనిచేశాను, చివరి పదేళ్ళు షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా. మా కాలంలో మగవాళ్ళం ఎలా అనుకునేవాళ్ళమో చెబుతాను.

మిషన్ దగ్గర ఒకడు నాగా పెడితే ఆ పని పక్కవాడి మీద పడుతుంది. రిలీవర్ రాకపోతే రాత్రి షిఫ్టు చేసినవాడు పొద్దున కూడా నిలబడాలి. కాబట్టి సెలవు అంటే యజమానికి కాదు, పక్కవాడికి పడే బాకీ అని మా లెక్క. ఎందుకు రాలేదని మేము అడిగేవాళ్ళం కాదు. ఎప్పుడు తీరుస్తావని అడిగేవాళ్ళం. అవతలివాడు ఒక ఆదివారం నాకోసం వచ్చాడంటే లెక్క సరి. కారణం వాడి సొంత విషయం.

ప్యాకింగ్ సెక్షన్‌లో ఆడవాళ్ళు ఉండేవారు. అక్కడ పద్ధతి వేరు. ఎందుకు రాలేదో అందరికీ తెలియాలి. కారణం సరైనదైతే బాకీ లేదు, కాకపోతే నెల రోజులు మాటలు పడాలి.

ఇంకో మాట. ఆడవాళ్ళ సెలవులు ఎక్కువ ఉండటం నా రిజిస్టర్లలో కూడా కనిపించింది. తప్పని అనడం లేదు, ఉన్నది చెబుతున్నాను.

గడియారం | సోమవారం, రాత్రి 10:31

ఆరేళ్ళ సర్వీసులో ఒక్క సిక్ లీవ్ కూడా వాడలేదు. జ్వరంతో కూడా వెళ్ళాను. సెలవు పెట్టేవాళ్ళ మీద కోపం లేదు, కానీ నేను ఒక రోజు వెళ్ళకపోతే నన్ను లెక్కలోంచి తీసేస్తారేమో అని టెన్షన్. మా టీమ్‌లో మగవాళ్ళందరిదీ ఇదే తీరు.

వానచినుకు | మంగళవారం, ఉదయం 6:40

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను. నేను నర్సుని. మా వార్డులో దాదాపు అందరం ఆడవాళ్ళమే.

పాతకాపు గారు చెప్పిన ప్యాకింగ్ సెక్షన్ మా వార్డే అనుకోండి. ఒకరు రాకపోతే ఆ పేషెంట్లు మిగతావాళ్ళకి పంచుతారు. ఆరుగురిని చూసేచోట తొమ్మిదిమందిని చూడాలి. మందులు ఆలస్యమవుతాయి, ఎక్కడ పొరపాటు జరుగుతుందో అని గుండెలు చేతిలో పెట్టుకుని తిరుగుతాం. ఆ కోపం పోస్టులు భర్తీ చేయనివాళ్ళ మీద చూపించలేక, రాని మనిషి మీద చూపిస్తాం. 'నిన్న బాగానే ఉందిగా', 'సెలవు అయ్యాక వచ్చేవారం మేకప్‌తో వస్తుంది చూడండి' లాంటి మాటలు నేనూ అన్నాను. ఆడవాళ్ళ సెలవుని ఆడవాళ్ళు సులువుగా అర్థం చేసుకుంటారనుకోవద్దు. నేను చూసినంతలో ఆడవాళ్ళే ఎక్కువ నిలదీస్తారు. నేను జ్వరంతో వచ్చాను కదా, నీకేం అన్నట్టు.

నీలిసిరా | మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఉద్యోగుల సంబంధాల మీద చదువుకున్నదాన్ని, పనీ అదే. పాతకాపు గారు రాసినదానికి ఒక పేరుంది. 1985లో నైజెల్ నికల్సన్, గ్యారీ జాన్స్ ఇద్దరూ 'గైర్హాజరు సంస్కృతి' అన్న మాట వాడారు. ఎంత సెలవు మామూలు, ఏ కారణం చెల్లుతుంది, ఎవరికి సమాధానం చెప్పాలి అన్నవి రూల్ బుక్కులో ఉండవు, పనిచేసే గుంపులో ఉంటాయన్నది వాళ్ళ వాదన. కొత్తగా చేరినవాళ్ళు రెండు మూడు నెలల్లో పక్కవాళ్ళని చూసే నేర్చుకుంటారు.

హాజరుపట్టీ గారి అనుభవానికి ఇంకా దగ్గరగా ఉన్నది 2007లో వచ్చింది. ఎరిక్ ప్యాటన్, గ్యారీ జాన్స్ కలిసి న్యూయార్క్ టైమ్స్‌లో ఆడవాళ్ళ గైర్హాజరు గురించి వచ్చిన పాత కథనాలు తిరగేశారు. ఆడవాళ్ళు రాకపోవడం ఎలాగూ జరిగేదే అన్నట్టు, ఇల్లూ పిల్లలతో ముడిపడినదిగా అందులో కనిపిస్తుంది. అంటే మీ చెయ్యి రాసినదే అక్కడ అచ్చయింది. దీంతో రెండు నష్టాలు. ఆడమనిషికి నిజంగా జబ్బు చేస్తే ఎవరికీ కనబడదు. మగమనిషికి నిజంగా ఇంట్లో అవసరం వస్తే చెప్పుకోవడానికి మాట దొరకదు.

ఆడవాళ్ళ సెలవులు ఎక్కువ అన్నది చాలా దేశాల లెక్కల్లో నిజమే. స్వీడన్, నార్వేల్లో అనారోగ్య సెలవుల్లో ఈ తేడా ఏళ్ళ తరబడి ఉంది. అయితే అక్కడితో ఆగకూడదు. లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద 1985లో వైట్‌హాల్ 2 అనే పెద్ద అధ్యయనం మొదలైంది. 35 నుంచి 55 ఏళ్ళ మధ్య ఉన్న 10,308 మందితో మొదలుపెట్టారు. అందులో బాగా కొట్టొచ్చినట్టు కనబడింది హోదా తేడా. కింది గ్రేడు మగవాళ్ళ సెలవులు పై గ్రేడు మగవాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆడవాళ్ళలోనూ అంతే. తన పని మీద తనకి ఏ పట్టూ లేని కుర్చీలో ఎవరు కూర్చున్నా సెలవులు పెరుగుతాయి. మన ఆఫీసుల్లో కింది కుర్చీల్లో ఎవరు ఎక్కువున్నారో చూసుకుని, అప్పుడు ఆడా మగా లెక్క తీయాలి.

రెండోగది | మంగళవారం, రాత్రి 8:05

నీలిసిరా గారు రాసిన 'మాట దొరకదు' దగ్గర ఆగిపోయాను.

రెండేళ్ళ క్రితం మా ఆవిడకి పెద్ద ఆపరేషన్ అయింది. నెల రోజులు దగ్గర మనిషి ఉండాలి. సెలవు అడగడానికి వెళ్తే మా మేనేజర్ అడిగిన మొదటి మాట, 'ఇంట్లో ఆడవాళ్ళెవరూ లేరా?' అని. ఆయన చెడ్డవాడు కాదు. అడిగిన గొంతులో జాలే ఉంది. నాకే ఏం చెప్పాలో తెలియలేదు. వారం సెలవు తీసుకుని, మిగతా రోజులు మధ్యాహ్నం పూట 'క్లయింట్ దగ్గరికి' అని ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే ఆఫీసు పని మీద బయట) రాసి ఇంటికి వచ్చేవాణ్ణి. ఆమెకి మందులిచ్చి, పక్క మార్చి, మళ్ళీ ఆరింటికి ఆఫీసుకి వెళ్ళి పని పూర్తిచేసేవాణ్ణి.

రికార్డులో ఆ వారం తప్ప నెలంతా నేను ఆన్ డ్యూటీ. మా టీమ్‌లో ఒకావిడ అదే నెలలో వాళ్ళత్తగారి కోసం నాలుగు రోజులు సెలవు పెట్టింది. ఆవిడకి అప్రైజల్‌లో 'హాజరు మెరుగుపడాలి' అని వచ్చింది. నాకు రాలేదు. ఇప్పటికీ ఆవిడ ఎదురుపడితే తల దించుకుంటాను. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి.

వానచినుకు | మంగళవారం, రాత్రి 8:40

రెండోగది గారూ, ఆవిడకి కూడా చెప్పండి. కోప్పడినా పర్వాలేదు, చెప్పండి. ఆమె తన తప్పనుకుంటూ ఉండి ఉంటుంది.

సూటిమాట | మంగళవారం, రాత్రి 9:22

అందరూ ఒకవైపే రాస్తున్నారు. పిల్లల పేరు చెప్పి డుమ్మా కొట్టేవాళ్ళు లేరా? ఉన్నారు. మా దగ్గర ప్రతి శుక్రవారం ఒకావిడ పిల్లాడికి జ్వరం. ఆ రోజు ఆవిడ పని చేసేది నేను. అడిగితే ఆడవాళ్ళ వ్యతిరేకి అంటారని నోరు మూసుకుంటున్నాను. ఇది కూడా మగవాళ్ళు గైర్హాజరుని చూసే తీరులో భాగమే, రాసుకోండి.

ఒంటరిబాట | మంగళవారం, రాత్రి 11:03

సూటిమాట గారూ, అది మగవాళ్ళ బాధ మాత్రమే కాదు. నాకు నలభై ఒకటి, పెళ్ళి చేసుకోలేదు. వరుస సెలవుల రోజుల్లో డ్యూటీ ఎవరు చేస్తారంటే అందరి చూపూ నా వైపే. 'నీకేముంది, ఒక్కదానివే కదా.' నా సెలవు అప్లికేషన్ మీద 'వ్యక్తిగతం' అని రాస్తే మూడు ప్రశ్నలు. పక్కావిడ 'పాపకి బాగోలేదు' అంటే ఒక్క ప్రశ్న లేదు.

ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ రాత్రంతా నిద్రపోకుండా వస్తుందని తెలుసు. కానీ ఆడదాని సెలవు చెల్లాలంటే దాని వెనక ఒక బిడ్డ ఉండాలి అన్న రూలు ఎవరు పెట్టారు? నాకు నెలలో ఒక రోజు విపరీతమైన నొప్పి. నేలమీద ముడుచుకుని పడుకుంటాను. పదిహేనేళ్ళుగా ఆ రోజు 'జ్వరం' అనే చెబుతున్నాను. జ్వరం అంటే నమ్ముతారు, నెలసరి అంటే తల పక్కకి తిప్పుకుంటారు.

నీలిసిరా | బుధవారం, ఉదయం 7:30

ఒంటరిబాట గారూ, ఈ మాట బయటికి చెప్పడం ఎందుకు కష్టమో దానికో కథ ఉంది. 2009లో ఆండ్రియా ఇకీనో, ఎన్రికో మొరెట్టి అనే ఆర్థికవేత్తలు ఇటలీలో ఒక పెద్ద బ్యాంకు హాజరు లెక్కలు తీసుకుని, 45 ఏళ్ళలోపు ఆడవాళ్ళ సెలవులు 28 రోజుల చక్రంలో వస్తున్నాయని, జీతాల తేడాలో కొంత దాని వల్లేనని రాశారు. బాగా ప్రచారమైంది. 2012లో జోనా రాకాఫ్, మరీసా హెర్‌మన్ అవే లెక్కలు మళ్ళీ చేసి చూస్తే, పొరపాట్లు సరిచేశాక ఆ ఫలితం నిలబడలేదు. స్కూల్ టీచర్ల లెక్కల్లో వెతికినా ఆ చక్రం కనబడలేదు. మొదటిది విన్నంతమంది రెండోది వినలేదు.

దీని అర్థం నొప్పి లేదని కాదు. నొప్పి ఉన్నా ఆడవాళ్ళు పనికి వస్తున్నారని కూడా కావచ్చు, ఇది నా ఊహ. జపాన్‌లో 1947 నుంచి చట్టంలో నెలసరి సెలవు ఉంది, వాడుకునేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. స్పెయిన్ 2023లో డాక్టరు సర్టిఫికెట్ మీద జీతంతో కూడిన సెలవు ఇచ్చింది, యూరప్‌లో అదే మొదటిది.

గడియారం గారూ, మీకు ఒక మాట. అదే వైట్‌హాల్ 2లో మగ ఉద్యోగులని విడిగా చూసి 2005లో ఒక పత్రం వేశారు. ఆరోగ్యం సరిగా లేకపోయినా ఒక్క రోజు కూడా సిక్ లీవ్ తీసుకోనివాళ్ళలో, కొద్దిగా తీసుకున్నవాళ్ళకంటే తీవ్రమైన గుండె సమస్యలు రెట్టింపు కనబడ్డాయి. భయపెట్టడానికి కాదు. జ్వరం వస్తే పడుకోండి.

లెక్కలబల్ల | బుధవారం, మధ్యాహ్నం 12:10

హెచ్‌ఆర్‌లో పనిచేస్తాను. సూటిమాట గారి శుక్రవారాల విషయం పట్టుకోవడానికే చాలా కంపెనీలు బ్రాడ్‌ఫోర్డ్ ఫ్యాక్టర్ అనే లెక్క వాడతాయి. ఏడాదిలో ఎన్నిసార్లు సెలవు పెట్టారో ఆ సంఖ్యని అదే సంఖ్యతో గుణించి, మళ్ళీ మొత్తం రోజులతో గుణిస్తారు. ఒకేసారి 10 రోజులు పెడితే 1×1×10, అంటే 10. రెండేసి రోజుల చొప్పున 5 సార్లు పెడితే 5×5×10, అంటే 250. ఒక్కో రోజు చొప్పున 10 సార్లు పెడితే 10×10×10, అంటే 1000. పోయినవి అవే పది రోజులు.

ముందు చెప్పకుండా చిన్న చిన్న ముక్కలుగా రాకపోతే పనికి ఎక్కువ ఇబ్బంది అన్నది దీని వెనక ఆలోచన. అందులో నిజం ఉంది. కానీ ఒక్కో రోజు సెలవులు ఎవరివి? పిల్లలకి జ్వరం వస్తే ఆగిపోయేవాళ్ళవి, మైగ్రేన్ ఉన్నవాళ్ళవి, ఒంటరిబాట గారి లాంటివాళ్ళవి. కాలు విరిగి నెల రోజులు ఇంట్లో ఉన్నవాడి స్కోరు 30. ప్రతి నెలా ఒక రోజు నొప్పితో పడుకున్న మనిషి స్కోరు 12×12×12, అంటే 1728. ఈ లెక్కలో ఆడా మగా అన్న మాటే లేదు. అయినా నా టేబుల్ మీదకి వచ్చే హెచ్చరిక లెటర్లలో ఎవరి పేర్లు ఎక్కువో నాకు తెలుసు. ఆ లెటర్ల మీద సంతకం చేసేది నేనే. రెండుసార్లు మార్చమని అడిగాను, మూడోసారి కూడా అడుగుతాను.

సూటిమాట గారూ, ఆ శుక్రవారాల గురించి మీరు అడగవచ్చు. ఆవిడని కాదు, మీ లీడ్‌ని. 'శుక్రవారం ఈ పని నా మీద పడుతోంది, మనిషిని ఇవ్వండి' అనండి. అప్పుడది ఆవిడ మీద ఫిర్యాదు కాదు.

సూటిమాట | బుధవారం, మధ్యాహ్నం 2:48

అలా అడగొచ్చని తట్టలేదు. అడుగుతాను. నా పోస్టులో కోపం ఎక్కువైంది, అయితే పని భారం మాత్రం నిజమే.

నీలిసిరా | బుధవారం, రాత్రి 9:00

ఒక చిన్న పని చేద్దామా? రికార్డు చూడకుండా, పోయిన ఏడాది మీరు ఎన్ని రోజులు వెళ్ళలేదో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత రికార్డు చూడండి. హాఫ్ డేలు, పర్మిషన్లు కూడా కలపండి. మనుషులు తమ సెలవులు తక్కువగా, పక్కవాళ్ళవి ఎక్కువగా చెబుతారని జాన్స్ చాలా ఏళ్ళు రాశాడు. 1998లో చైనా, కెనడా ఉద్యోగులని పోల్చి చూసినప్పుడు రెండుచోట్లా అదే కనబడింది.

గడియారం | గురువారం, రాత్రి 10:15

నేను సున్నా అని రాశాను. సిక్ లీవ్ నిజంగానే సున్నా. కానీ పోర్టల్‌లో పదకొండు హాఫ్ డేలు, లెక్కలేనన్ని రెండు గంటల పర్మిషన్లు ఉన్నాయి. కాస్త ఆలోచిస్తే అందులో సగం ఒంట్లో బాగోక వెళ్ళిపోయినవే. 'బ్యాంకు పని' అని చెప్పి వెళ్ళి పడుకున్నాను. అది సెలవని నాకే అనిపించలేదు. మా టీమ్‌లో ఆడవాళ్ళు రోజంతా సెలవు పెడితే మాత్రం 'మళ్ళీ లీవా' అని మనసులో అనుకున్న రోజులు గుర్తొచ్చాయి.

వానచినుకు | గురువారం, రాత్రి 11:30

నేను ఆరు అని రాశాను. రికార్డులో తొమ్మిది. మిగతా మూడు రోజులు మా చిన్నాడి పరీక్షలప్పటివి. అవి నా సెలవులు కాదు, వాడివి అని మనసు పక్కన పెట్టేసినట్టుంది.

పాతకాపు | శుక్రవారం, ఉదయం 5:55

రిటైరయ్యాను కాబట్టి చూసుకోవడానికి రికార్డు లేదు. కానీ రాత్రంతా ఒకటే ఆలోచన. మా లైన్‌లో ఒకడు తరచూ 'నడుం నొప్పి' అని నాగా పెట్టేవాడు. బరువులెత్తే పని కాబట్టి ఎవరూ అడగలేదు. ఎప్పుడు తీరుస్తావు అని మాత్రం అడిగాం. తీర్చాడు కూడా, డబుల్ షిఫ్టులు చేసి. వాడికి నడుం నొప్పి లేదని, మనసు బాగోలేదని, ఏడాది తర్వాత వాడి తమ్ముడు చెబితే తెలిసింది. అప్పటికే పని మానేసి వెళ్ళిపోయాడు.

కారణం వాడి సొంత విషయం అని గొప్పగా రాశాను మొన్న. అడగకపోవడం మర్యాద అనుకున్నాం. ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్ళైతే రెండో నాగాకే ఇంటికి వెళ్ళి తలుపు కొట్టేవారు. మాటలు పడితే పడ్డారు గానీ, ఆ సెక్షన్‌లో ఎవరూ అలా మాయమైపోలేదు.

రెండోగది | శుక్రవారం, రాత్రి 8:20

వానచినుకు గారూ, చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, 'మీ ఆవిడకి ఇప్పుడెలా ఉంది' అని అడిగింది. మా మేనేజర్‌కి కూడా చెబుదామని ఉంది, ఆ ఓడీల సంగతి. ఉద్యోగం మీదకి వస్తుందేమో అని భయం. ఇంకా తేల్చుకోలేదు.

లెక్కలబల్ల | శుక్రవారం, రాత్రి 9:05

రెండోగది గారూ, ఓడీ రాసి బయటికి వెళ్ళడం చాలాచోట్ల క్రమశిక్షణ కిందకి వస్తుంది. చెప్పేముందు మీ సర్వీసు రూల్స్ చదవండి. ఆవిడ అప్రైజల్ సరిచేయించడమే మీ ఉద్దేశమైతే, మీ విషయం చెప్పకుండానే 'ఆ నాలుగు రోజులు ఎందుకు లెక్కలోకి వచ్చాయి' అని టీమ్ మీటింగులో అడగవచ్చు.

హాజరుపట్టీ | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:30

ఇన్ని రోజులు అన్నీ చదువుతూనే ఉన్నాను. పైవాళ్ళతో మాట్లాడాను. లెక్కలబల్ల గారి 10, 250, 1000 అంకెలు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళాను. కారణం గడి పూర్తిగా తీసేయడానికి ఒప్పుకోలేదు. మూడు రోజుల లోపు సెలవులకి 'ముందు చెప్పినది', 'అప్పటికప్పుడు చెప్పినది' అని రెండే ఉంటే చాలన్నారు. అంతకన్నా ఎక్కువైతే మనిషి తనే రాసి ఇవ్వాలి. నా చేత్తో ఎవరి కారణమూ రాయను. ఇది ఆరు నెలలు చూసి తర్వాత నిర్ణయిస్తారట. అదనంగా మనిషిని ఇవ్వమన్న మాటకి మాత్రం ఇంకా జవాబు లేదు. వానచినుకు గారు చెప్పినట్టు, అది లేకపోతే కోపం మళ్ళీ రాని మనిషి మీదకే వెళ్తుంది. వదలకుండా అడుగుతాను.

మొన్న సెక్షన్‌లో అందరికీ ఈ మార్పు చెప్పాను. పాత పట్టీలో నేనే ఊహించి రాశానన్న సంగతి కూడా చెప్పాను. సాయంత్రం ఒకతను ఆగి, అందరూ వెళ్ళాక నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. నెలకి రెండుసార్లు గురువారం మధ్యాహ్నాలు పర్మిషన్ తీసుకుంటాడు, 'బండి సర్వీసింగ్' అని. ఏడాదిగా కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాడట. ఇంట్లో కూడా చెప్పలేదట. నేను ఏమీ రాసుకోలేదు. గురువారం మధ్యాహ్నం అతని కౌంటర్ ఇకపై వేరే ఇద్దరు వంతులవారీగా చూసేలా డ్యూటీ చార్టు మార్చాను.